లచ్చవ్వ వేషం

కృపాదానం సార్ ఆ ఇంటికి వచ్చినప్పుడు ఎలిశిబా మేడ మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. కింద గేటు దగ్గర డ్రైవర్ మహేష్ ఎవరితోనో, "సార్ ఇంట్ల లేడు. ఫోన్ చేసి రాండ్రి" అంటున్నాడు. దానికి జవాబు చెప్పిన గొంతు విని ఆమె చేతిలోని చీర అట్లాగే ఆగిపోయింది. కొంచెం బొంగురుపోయింది గానీ, ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా పలికే ఆ గొంతును ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. చిన్నప్పుడు ఆమెకు స్టేజీ మీద నిలబడడం నేర్పింది, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడేలా మెల్లగా మాట్లాడడం నేర్పింది ఆ మనిషే.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

"గేటు తియ్యి మహేష్."

"సార్‌కు ఒక్కమాట చెప్పి..."

"ఆయన నాకు చదువు చెప్పిన సార్. తియ్యి."

మహేష్ గేటు తీశాడు. తీసి, పక్కకు పోయి ఫోన్ చేశాడు.

ఎలిశిబా మెదక్‌లోనే పుట్టింది. చర్చి కాంపౌండు వెనక సందులో ఇల్లు. తండ్రి గాబ్రియేలు వడ్రంగి. క్రిస్మస్‌కు వేసే నాటకాలకు స్టేజీ కట్టేది ఆయనే. ఆ చెక్కల మీదే ఎలిశిబా మొదట నడిచింది. బడిలో తెలుగు చెప్పే కృపాదానం సార్ నాటకాలు రాసి, పిల్లలతో ఆడించేవాడు. ఈ పిల్ల నోరు తెరిస్తే జనం మాటలు ఆపేస్తారని అందరికన్నా ముందు గమనించింది ఆయనే. డిగ్రీకి హైదరాబాద్ పంపమని గాబ్రియేలును ఒప్పించిందీ ఆయనే.

హైదరాబాద్‌లో ఆమె ఒక నాటక సమాజంలో చేరింది. పగలు కాలేజీ, సాయంత్రం రిహార్సల్. ముసలమ్మ వేషం వేసింది, రాణి వేషం వేసింది, ఒకసారి మీసం పెట్టుకొని పోలీసు పటేల్ వేషం కూడా వేసింది. ఆ ఏళ్ళలో ఆమెకు సరైన తిండి లేదు, అయినా ఒక్క రోజు కూడా దిగులుగా లేదు. తర్వాత సినిమా వాళ్ళు చూశారు. ఎలిశిబా అనే పేరు పోస్టరు మీద బాగుండదని కృతిక అని మార్చారు. మొదటి సినిమాలోనే ఆమె చేసిన పల్లెటూరి పిల్ల జనానికి తెగ నచ్చింది. చంకలో బిందెతో వచ్చి, హీరోను ఆపి, "ఓ పిలగా, నీళ్ళు నీ బైకుకా, నీకా?" అని అడుగుతుంది. ఆ మాట ఊరూరా పాకింది. ఇంకేముంది, ఆ తర్వాత వచ్చిన ప్రతి సినిమాలోనూ అదే పిల్ల, అదే బిందె. మధ్యలో వీలు దొరికినప్పుడు ఆమె నాటకాలకు పరుగెత్తేది.

ఆ మొదటి సినిమాకు డబ్బు పెట్టినవాళ్ళలో ఇంద్రకరణ్ ఒకడు. రేగోడ్ దిక్కు భూములున్న పటేళ్ళ ఇల్లు. మెదక్ టౌన్‌లో పెట్రోల్ బంకు, ఫంక్షన్ హాలు. అతను ఆమె నాటకాలకు వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. అయిపోయాక లోపలికి వచ్చి, ఏ సీనులో తనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయో చెప్పేవాడు. అబద్ధం కాదు, నిజంగానే తిరిగేవి. పెళ్ళికి ముందు అతను చెప్పిన మాట ఒకటే: "సినిమాలు బంద్ చెయ్యి. నాటకాలు మాత్రం నీ ఇష్టం."

పెళ్ళయ్యాక మొదట, కొత్త కోడలు అప్పుడే తిరిగితే బాగుండదన్నారు. తర్వాత కడుపులో అంకిత. తర్వాత అంకిత చిన్నది. తర్వాత ఇంద్రకరణ్ రాజకీయాల్లోకి దిగాడు. ఎవరూ ఒక్కసారి కూడా వద్దనలేదు. 'ఇప్పుడు కాదు' అన్నారంతే.

అయితే ఇంద్రకరణ్ ఆమెను దాచిపెట్టలేదు. చేగుంటలో బట్టల షాపు తెరిచినా, నిజాంపేటలో ట్రాక్టర్ల షోరూమ్ తెరిచినా రిబ్బన్ కత్తిరించడానికి ఆమెను తీసుకుపోయేవాడు. మైకులో 'సినీతార కృతిక' అనేవాళ్ళు. ఎవరో ఒకరు ఆ డైలాగు చెప్పమనేవాళ్ళు. ఆమె చెప్పేది. అతను పక్కన నిలబడి, మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

ఇంటికి తాళం ఏమీ లేదు. ఒకరోజు ఆమె తల్లిగారింటికి నడిచిపోయింది, పెద్ద దూరమేం కాదు. ఆమె అక్కడికి చేరేసరికే తండ్రికి ఫోన్ వచ్చి ఉంది. "మామా, ఎండల నడుసుకుంట వస్తుందంట. జర నీళ్ళు ఇయ్యుండ్రి. మహేష్ కారు తీస్కొని వస్తుండు" అన్నాడట అల్లుడు. గాబ్రియేలు మురిసిపోయాడు. ఇంత మంచి మాటలో తప్పెక్కడుందో ఆమె ఆయనకు చెప్పలేకపోయింది. ఆ తర్వాత మళ్ళీ నడిచి పోలేదు.

కృపాదానం సార్ హాల్లో సోఫా అంచున కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చేతిసంచిలో నుంచి కాగితాల కట్ట తీశాడు.

"నాలుగైదు మాట్ల ఫోన్ చేసిన ఎలిశిబా. నీకు నాటకాలంటే మనసు లేదని చెప్పిండు నీ భర్త. మనసు లేనిదాన్ని బలవంతం చెయ్యొద్దని ఊకున్న. ఈసారి మాత్రం పాణం ఒప్పలేదు. నీ నోటితోనే విందామని వచ్చిన."

"నాకు ఎవ్వలు చెప్పలే సార్" అంది ఎలిశిబా.

ఆయన రాసిన కొత్త నాటకం మెదక్ చర్చి కట్టిన కాలం గురించి. కరువులో, రాళ్ళు మోస్తే తిండి పెడుతున్నారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చిన కథ. అందులో లచ్చవ్వ అనే మనిషి. చంటి బిడ్డను చంకన కట్టుకొని వస్తుంది. బిడ్డ దక్కదు. ఆమె మాత్రం పని వదలదు. గోడలు లేచి, పని అయిపోయి అందరూ ఊళ్ళకు పోతుంటే, మేస్త్రీ ఆమెను ఎగతాళిగా అడుగుతాడు, ఇందులో నీ రాయి ఏదని. దానికి ఆమె చెప్పే జవాబుతో నాటకం అయిపోతుంది.

ఎలిశిబా ఆ ఆఖరి పేజీ చదువుతుండగానే ఇంద్రకరణ్ కారు వచ్చింది. లోపలికి వస్తూనే సార్ కాళ్ళకు దండం పెట్టాడు. సంగతంతా విన్నాడు. కాసేపు ఆలోచించాడు.

"చెయ్యనీయండ్రి సార్. మన మెదక్ కథ. మన చర్చి కథ. మా కృతిక చెయ్యకపోతె ఎవ్వలు చేస్తరు?"

ఆమె నమ్మలేక అతని మొహం చూసింది. మున్సిపల్ ఎలక్షన్లు దగ్గరలో ఉన్నాయని, కాంపౌండు చుట్టూ చాలా ఓట్లున్నాయని ఆమెకు తెలుసు. కారణం ఏదైతేనేం అనుకుంది.

రిహార్సళ్ళు బడి హాల్లో పెట్టారు. అన్న గిడియోన్ కూతురు నిస్సి లచ్చవ్వ చెల్లెలి వేషం వేస్తోంది. డిగ్రీ చదివే పిల్ల. మొదటిరోజు ఎలిశిబా గంప నెత్తిన పెట్టుకొని రెండడుగులు వేసి ఆగిపోయింది. మెడ వంగడం లేదు. ఇన్నేళ్ళూ ఫోటోల కోసం నిటారుగా నిలబడి నిలబడి అలవాటైపోయింది. నాలుగో రోజుకు మెడ మాట వింది. వారం తిరిగేసరికి ఆమె గంప దించి నడుము పట్టుకుంటే, చూస్తున్నవాళ్ళ చేతులు కూడా వాళ్ళ నడుముల మీదికి పోయేవి. ఇంటికి వచ్చేటప్పుడు కారులో కళ్ళు మూసుకొని కూర్చునేది. మహేష్ అద్దంలో చూసి, "పానం బాగలేదా మేడమ్?" అని అడిగేవాడు. "మంచిగుంది మహేష్. మస్తు మంచిగుంది" అనేది.

ఒక సాయంత్రం ఇంద్రకరణ్ ఇద్దరు పార్టీ మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు, తన భార్య నటన చూపించడానికి. అప్పుడు స్టేజీ మీద మేస్త్రీ కోపంతో లచ్చవ్వ కూలి జొన్నలు తన్నేశాడు. లచ్చవ్వ మోకాళ్ళ మీద పాకుతూ, మట్టిలో నుంచి గింజ గింజ ఏరుకుంటోంది. ఒక గింజ మేస్త్రీ చెప్పు కింద ఉంది. ఆమె ఆ చెప్పును రెండు చేతులతో ఎత్తి గింజ తీసుకుంది.

పార్టీ మనిషి ఒకడు కళ్ళు తుడుచుకొని అన్నాడు, "వదినె ఏం చేస్తుందన్నా. అచ్చం అడుక్కతినేటోళ్ళ లెక్కనే ఉంది."

అతను మెచ్చుకుంటూనే అన్నాడు. కానీ ఇంద్రకరణ్ మొహం ముడుచుకుపోయింది. రిహార్సల్ అయిపోయేదాకా ఉండలేదు.

ఇంటికి వచ్చాక అతను అరవలేదు. అతను ఎప్పుడూ అరవడు. సోఫాలో కూర్చొని చెప్పాడు.

"గా వేషం వద్దు."

"వేషమే గదా."

"నీకు వేషం. చూసెటోనికి ఇంద్రకరణ్ పెండ్లాం. ఎవ్వని చెప్పో ఎత్తి జొన్నలు ఏరుకుంటవా? రేపు ఓట్లకు వోతె గదే వీడియో ఫోన్లల్ల తిప్పుతరు. ఇజ్జత్ ఏమైతది? మన ఇంట్ల ఎవ్వలన్న ఎన్నడన్న నెత్తి మీద గంప పెట్టుకున్నరా?"

గుమ్మం పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త నర్సమ్మ తల ఎత్తకుండానే అంది, "మా అమ్మమ్మ పెట్టుకుంది."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"చేగుంట సంది నడిసొచ్చిందంట. గీ చర్చికే. మా అమ్మను చంకల కట్టుకొని రాళ్ళు మోసిందంట. గా తిండితోనే మా అమ్మ బతికింది."

ఇంద్రకరణ్ "గియ్యాల్టి దాక ఎందుకు చెప్పలేవే అమ్మా?" అన్నాడు.

"మీ నాయిన చెప్పొద్దన్నడు. లగ్గమైన తెల్లారే అన్నడు, గా ముచ్చట గీ ఇంట్ల తియ్యకు అని. తియ్యలే."

"అయితె ఇప్పుడు గూడ తియ్యకు" అని ఇంద్రకరణ్ లేచి పోయాడు.

నర్సమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది. ఎలిశిబా ఆమె పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో తిరిగిన మనుషులు. ఒకరి నోరు ఎక్కడ మూతబడిందో మరొకరికి ఆ రోజు దాకా తెలియలేదు.

రెండు రోజుల తర్వాత కృపాదానం సార్ వచ్చాడు. ఈసారి గేటు దగ్గర మహేష్ ఆపలేదు. ఆయన కూర్చోలేదు కూడా. ఇంద్రకరణ్ కమిటీ వాళ్ళతో మాట్లాడాడట. కుర్చీలు, లైట్లు, మైకులు అన్నీ తానే చూసుకుంటానన్నాడట. కృతిక వేషం వెయ్యదు, ముఖ్య అతిథిగా మాత్రం వస్తుందన్నాడట. కమిటీ సంతోషంగా ఒప్పుకుంది.

"నేను వద్దంటే నాటకమే ఉండదు ఎలిశిబా. పిల్లలు నెల సంది కష్టపడుతున్నరు. ఏం చెయ్యాలె చెప్పు."

ఆమె కిటికీ లోంచి బయటికి చూసింది. ఇళ్ళ కప్పుల మీదుగా చర్చి గోపురం కనబడుతోంది. పెళ్ళయిన కొత్తలో అది కనబడుతుందనే ఈ గది కావాలని అడిగింది.

"నిస్సికి ఇయ్యుండ్రి సార్. నేను నేర్పిస్త."

నిస్సి రోజూ మధ్యాహ్నం మేడ మీదికి వచ్చేది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తోందని చెప్పారు. నర్సమ్మ తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చొని చూసేది. నిస్సికి మంచి గొంతుంది, చెప్పింది చప్పున పట్టుకుంటుంది. ఎలిశిబా తన వేషాన్ని ముక్క ముక్కగా విప్పి ఆ పిల్లకు తొడుగుతున్నట్టు ఉండేది. నడక ఇచ్చింది. చూపు ఇచ్చింది. జొన్నలు ఏరేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగబట్టాలో ఇచ్చింది. ఆఖరి సీనులో మాత్రం ఒకటి దాచుకుంది. మేస్త్రీ ప్రశ్న అడిగాక, జవాబు చెప్పేముందు, లచ్చవ్వ గోడ వైపు నడిచి, చెయ్యి చాపి, గోడను ముట్టుకోకుండా ఆగిపోతుంది. నిస్సి రాని ఒక రోజు రిహార్సల్లో ఎలిశిబాకు తనంతట తానుగా దొరికింది అది. చూసినప్పుడు సార్ కూడా లేచి నిలబడ్డాడు. అది నాకే ఉండనీ అనుకుంది.

"ఏదో తక్కువైతుంది అత్తా. సప్పగ వస్తుంది నాకు" అంది నిస్సి.

"మంచిగనే వస్తుంది."

ఆ పిల్ల పోయాక నర్సమ్మ అడిగింది, "నువ్వు ఒక్కదానివే చేసుకునేటప్పుడు గోడ దగ్గర ఆగినవు గద. గామెకు చెప్పలేవేంది?"

ఎలిశిబా సిగ్గుతో తల దించుకుంది. మరునాడు నిస్సిని గోడ ముందు నిలబెట్టి, తన చేతితో ఆ పిల్ల చేతిని చాపి, గోడకు జానెడు దూరంలో ఆపింది. "గిక్కడ. ఇగ ముందుకు పోకు. ముట్టుకుంటే ఏడుస్తవు. ఏడ్వొద్దు. గప్పుడు మాట చెప్పు" అంది.

నాటకం రోజు సాయంత్రం బడి గ్రౌండు నిండిపోయింది. ఎలిశిబా ఆకుపచ్చ పట్టుచీరలో ముందు వరసలో భర్త పక్కన కూర్చుంది. అంకిత ఒళ్ళో తల పెట్టుకుంది. నాటకానికి ముందు సన్మానం. ఆమెను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. వెనక నుంచి ఎవరో, "బిందె డైలాగ్ మేడమ్" అని అరిచారు. ఈలలు మొదలయ్యాయి.

మైకు ఆమె చేతిలో ఉంది. కింద తండ్రి గాబ్రియేలు ఉన్నాడు, అన్న ఉన్నాడు, చిన్నప్పటి నుంచి ఎరిగిన వీధి మొత్తం ఉంది. లచ్చవ్వ ఆఖరి మాట నాలుక మీదే ఉంది. ఇక్కడే, ఈ పట్టుచీరలోనే చెప్పేస్తే ఎవరు ఆపగలరు? ఆమె ఊపిరి తీసుకుంది. అంతలో పక్క తెర కొంచెం కదిలింది. చింపిరి చీరలో, నెత్తి మీద చుట్టబట్టతో నిస్సి నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాటలు వల్లె వేసుకుంటోంది. ఆ మాట ఇప్పుడు తన నోటి నుంచి వస్తే, చివరికి ఆ పిల్లకు మిగిలేది ఏమీ ఉండదు.

ఎలిశిబా నడుము ఒకవైపు వంచి, చంకలో లేని బిందెను పట్టుకొని, "ఓ పిలగా, నీళ్ళు నీ బైకుకా, నీకా?" అంది. గ్రౌండు దద్దరిల్లింది. ఆమె దండం పెట్టి కిందికి దిగింది.

తర్వాత నాటకం జరిగింది. ఆఖరి సీనులో మేస్త్రీ నవ్వుతూ అడిగాడు, ఇందులో నీ రాయి ఏదే లచ్చవ్వా అని. నిస్సి గోడ వైపు నడిచింది. చెయ్యి చాపింది. జానెడు దూరంలో ఆగింది. అంతసేపూ పల్లీలు తింటున్న జనం నమలడం మానేశారు.

"ఏ రాయి నాదో నాకు ఎర్కలేదు దొరా. పొద్దుమూకి పండుకుంటె నా మెడను అడుగుతా. అన్నీ నావే అంటది."

చప్పట్లు కొంచెం ఆలస్యంగా మొదలై, చాలాసేపు ఆగలేదు. ఎలిశిబా కూడా కొట్టింది. అరచేతులు మండేదాకా కొట్టింది. ఆ పిల్ల బాగా చేసిందన్న సంతోషం, ఆ చోటు తనది కాదన్న కడుపుమంట, ఈ రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో ఆమెకు అర్థం కాలేదు.

మరునాడు పొద్దున టీ తాగుతూ ఇంద్రకరణ్ హుషారుగా ఉన్నాడు. "నీకే ఎక్కువ ఈలలు వచ్చినయి, చూసినవా?"

"చేగుంటల గూడ ఆడమంటున్నరంట. నిస్సికి పరీక్షలు. నేను చేస్త" అంది ఆమె.

అతను కప్పు కింద పెట్టాడు. "పో. ఆపేటోడు ఎవ్వడు? అంకిత మాత్రం గీ ఇంట్లనే ఉంటది. ఊళ్ళు తిరిగే తల్లికి పిల్లనియ్యమని ఏ జడ్జి చెప్తడో సూస్త."

ఆ మాట కూడా అతను మెల్లగానే అన్నాడు. అంకిత వరండాలో బూట్లు వేసుకుంటోంది, బడికి టైమైందని. ఎలిశిబా వెళ్ళి ఆ పిల్ల జడ సరిచేసింది. రిబ్బను రెండుసార్లు కట్టింది, మొదటిసారి ముడి పడలేదు. పిల్ల వెళ్ళిపోయాక లోపలికి వచ్చింది.

"నేను యాడికీ పోను. మీరు గెల్సిండ్రు" అంది. "కని ఇగ మీ స్టేజీ గూడ ఎక్క. షాపులకు రాను. మీటింగులకు రాను. గా డైలాగు నా నోట్ల నుంచి ఇగ రాదు."

అతను నవ్వాడు. రెండు రోజుల్లో కోపం తగ్గుతుందనుకున్నాడు.

తగ్గలేదు. తర్వాతి వారం చీరల షాపు వాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి ఇంద్రకరణ్ చేతనే రిబ్బన్ కత్తిరింపించుకున్నారు. అతను మహేష్ దగ్గర కారు తాళాలు తీసేసుకున్నాడు. ఆమె అడగలేదు. తల్లిగారింటికి పోవద్దన్నాడు. నిస్సే వచ్చి మాట్లాడి పోయేది. మేడ గది, వంటిల్లు, వరండా, ఇంతే అయింది ఆమె లోకం. కొన్నిసార్లు పొద్దున లేచి, ఈ పట్టుదలతో ఏం సాధించానని తనను తాను అడిగేది. ఆ తర్వాత వెళ్ళి బియ్యం కడిగేది.

ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి పెద్ద లీడరు ఇంటికి వచ్చాడు. టికెట్ ఇచ్చేది ఆయనే. హాలు నిండా మనుషులు. ఆయన సోఫాలో కూర్చొని, "కృతిక గారిని చూద్దామని మా ఇంట్ల గూడ అంటున్నరు ఇంద్రకరణ్. పిలువు" అన్నాడు.

ఇంద్రకరణ్ లోపలికి వచ్చాడు. వంటింట్లో ఎలిశిబా, నర్సమ్మ కింద కూర్చొని మెంతికూర ఏరుతున్నారు.

"ఒక్కసారి వచ్చి దండం పెట్టి పో. ఒక్కసారి" అన్నాడు.

ఆమె రానన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను తల్లి వైపు చూశాడు. నర్సమ్మ ఆకుల వైపే చూస్తోంది. అతను అక్కడే నిలబడ్డాడు, ఏదైనా అంటే హాల్లోకి వినబడుతుంది. కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నాడు. నవ్వు తెచ్చుకున్నాడు. అది సరిగ్గా కుదరలేదని తనకే తెలిసినట్టు మళ్ళీ తుడుచుకొని, ఇంకోసారి తెచ్చుకున్నాడు.

హాల్లో అతని గొంతు వినబడింది. "జ్వరం సార్. రాత్రి సంది లేస్తలేదు. డాక్టరు ఎవ్వల కలవొద్దన్నడు."

"అయ్యో, పైలం" అన్నాడు లీడరు.

నర్సమ్మ మెంతికాడ ఒకటి తుంచి పక్కన పెట్టింది. "మంచిగ చెప్తలేడు" అంది చిన్న గొంతుతో. "జర తొందరపడ్డడు."

"అవును అత్తమ్మా" అంది ఎలిశిబా. "ఊపిరి తీసుకోలే."

హాల్లో టీ కప్పుల చప్పుడు మొదలైంది. ఇద్దరూ మిగిలిన కూర ఏరడం మొదలుపెట్టారు.